ఐదో లైను

ఆ హీటర్ ఇంకాస్త పెంచు కొరీన్. ఆ గుండ్రటిది, కుడివైపుకి తిప్పు. నీ కాళ్ళకి తగుల్తోందా వేడి? నా వైపు మోకాలి దాకా రానే రాదు. ఈ కారుకి అదొక జబ్బు.

చూశావుగా వీళ్ళ వరస! పేరు రాయించుకుని మనం పోయి కార్లో కూర్చోవాలట, వంతొచ్చినప్పుడు ఫోన్‌కి మెసేజ్ పంపుతారట. లోపల కుర్చీలు తీసేశారు, గమనించావా? ఇదివరకు గోడవారగా ఉండేవి. ఇప్పుడు అక్కడ ఫోన్‌లకి తొడిగే రంగురంగుల తొడుగులు వేలాడదీశారు. జనవరి నెల, డులూత్ ఊరు, సరస్సు మీంచి ఈ గాలి! మనుషుల్ని బయట కూర్చోబెట్టి తొడుగులకి వెచ్చగా చోటిచ్చారు.

ఆ అద్దం మీద ఏం రాశారో చదివావా? "కాంట్రాక్టు లేదు. ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు." అంతంత అక్షరాలు! చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చట. మరి నువ్వు నీ నంబరు నువ్వు పట్టుకుపోవడానికి నీ మొగుడి మొదటి పెళ్ళాం వెంటబడి రావాల్సొచ్చిందేం?

నవ్వు, పర్లేదు. నవ్వొచ్చే సంగతే.

మంగళవారం నువ్వు మా స్కూలు వంటగది తలుపు దగ్గర నిలబడి ఉంటే వెండెల్‌కి ఏదో అయిందనుకున్నాను. చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. నువ్వేమో, "ఆర్లిస్, మీ ఖాతాలోంచి నా నంబరు విడదీసి ఇస్తారా?" అన్నావు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మళ్ళీ నువ్వే, "వెండెల్‌కి ఇంకా చెప్పలేదు" అన్నావు. అప్పుడర్థమైంది. ఫోన్ కంపెనీ మారేది మొగుడి దగ్గర దాచదు. ఇల్లు మారేదే దాస్తుంది.

ఆ పూట మాకరోనీ అడుగంటింది. పిల్లలు బాగానే తిన్నార్లే. మాడిన అంచు కోసమే కొట్టుకున్నారు.

వెనక సీట్లో డబ్బా ఉంది చూడు, గుమ్మడికాయ కేకు ముక్కలు. తీసుకో. వద్దా? పొద్దున కూడా ఏం తిన్నట్టు లేవు, మొహం చూస్తేనే తెలుస్తోంది. సరే, నీ ఇష్టం. నేనొకటి తీసుకుంటాను. ఊరికే కూర్చుంటే నాకు నోరు ఊరుకోదు.

అసలు ఈ ఖాతా నా పేరున ఎందుకుందో నీకెప్పుడైనా చెప్పాడా వెండెల్? చెప్పి ఉండడు. అతను చెప్పేదల్లా చేపలు పడ్డాయా లేదా, అంతేగా.

మేం విడిపోయినప్పుడు వకీళ్ళు అన్నీ పంచారు. ఇల్లు నాకు. పడవా, ట్రక్కూ, మంచు మీద కూర్చుని చేపలు పట్టే ఆ చెక్క గదీ అతనికి. మంచు తోసే మిషన్ ఎవరిదని ఇద్దరు వకీళ్ళూ ఒక పూటంతా వాదించుకున్నారు. కుక్కని కూడా ఏ వారం ఎవరింట్లో ఉండాలో రాసి పంచారు. ఫోన్ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఎందుకొస్తుంది? అది వస్తువా, వాహనమా? నెలకోసారి వచ్చే బిల్లు.

తర్వాత నాకే గుర్తొచ్చి మా వకీలమ్మని అడిగాను. "కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది?" అంది. అప్పట్లో రెండేళ్ళ కాంట్రాక్టులు కదా. మధ్యలో తెంపుకుంటే లైనుకింత అని జరిమానా. నేనూ, అతనూ, పిల్లలిద్దరూ, మొత్తం నాలుగు లైన్లు. "ముగిశాక విడదీసుకోండి, ఇప్పుడెందుకు దండగ?" అంది. నేనూ సరేనన్నాను. ఎవరైనా అదే అంటారు కదా? ఏం, నువ్వనవూ?

కానీ ముగిస్తేగా! నాది ముగిసే వేళకి మావాడు డేల్ ఫోన్‌ని సరస్సులో పడేసుకుని వచ్చాడు. వాడికి కొత్త ఫోన్, మళ్ళీ కొత్తగా రెండేళ్ళు. వాడిది ముగిసేసరికి అమ్మాయి క్రిస్టీ కాలేజీకి వెళ్తూ కొత్తది తీసుకుంది, దానికి రెండేళ్ళు. దానిది అయ్యేసరికి వెండెల్ తన ఫోన్‌ని ట్రక్కు టైరు కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడో అడగకు, ఇప్పటికీ చెప్పలేదు. ఒకరిది విడేసరికి ఇంకొకరిది బిగుసుకునేది. నలుగురివీ కలిసి ఒక్కరోజైనా ఖాళీగా ఉన్నది లేదు.

పెళ్ళి ఒక్క పూటలో తెగిపోయింది తల్లీ. ఫోన్ తెగలేదు.

నీకు గుర్తుందా, మనిద్దరం మొదట కలుసుకున్నది ఈ దుకాణంలోనే? అదిగో, ఆ కౌంటర్ దగ్గరే. నన్ను చూసి నువ్వు చేతిసంచిని రెండు చేతులా పొట్టకి అదుముకుని నిలబడ్డావు, లాక్కుపోతానేమో అన్నట్టు. ఐదో లైను దాదాపు ఊరికే వస్తుందని వెండెల్‌కి ఎవరో చెప్పారు. అతను నాకు ఫోన్ చేసి, "ఆర్లిస్, మనకి ఐదో మనిషి ఉంది" అన్నాడు. పెళ్ళి చేసుకున్నాననే కబురు నాకు చెప్పిన తీరు అది!

ఆ కౌంటర్‌లో ఉన్నావిడ మన ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, "మీరంతా ఒక కుటుంబమేనా?" అంది. నువ్వు నేల చూశావు. నేను గోడ చూశాను. వెండెల్ కాసేపు ఆలోచించి, "బిల్లు వరకు" అన్నాడు.

తర్వాత ముగ్గురం పక్కనున్న హోటల్లో కూర్చుని ఆపిల్ పై ముక్కలు తిన్నాం. డబ్బులు అతనే ఇచ్చాడు, అదొక వింత. నాకు అదే మీ పెళ్ళి భోజనం.

నిన్ను ఒక్క మాట అనడానికి లేదు కొరీన్. ఇన్నేళ్ళలో నీ వాటా ఒకటో తారీఖు దాటలేదు. అతని వాటా ఒకటో తారీఖుకి వచ్చిందీ లేదు. క్రిస్టీ చెప్పించుకుని పంపుతుంది. డేల్ సంగతి చెప్పక్కర్లేదు.

ఆఁ, ఆ మెసేజ్ మనది కాదు. వాతావరణం వాళ్ళది. సాయంత్రం ఇంకా మంచు పడుతుందట. సంతోషం.

సరే, ఇప్పుడు అసలు సంగతి విను. లోపలికెళ్తే ఆ బట్టతల పెద్దమనిషి ఏం చెప్తాడో నేను ముందే చెప్తాను. ఇదివరకు మంచు మీద నడిపే బళ్ళు అమ్మేవాడు అతను. ఏదమ్మినా ఒకటే పాట.

పాత పద్ధతిలో ఫోన్ ఊరికే ఇచ్చినట్టు ఇచ్చేవాళ్ళు. ఊరికేనా ఏమిటి, దాని ధర నెల బిల్లులో కలిపేవాళ్ళు. ఎంత కలిపారో చెప్పేవాళ్ళు కాదు. రెండేళ్ళు దాటి ఫోన్ ధర తీరిపోయినా బిల్లు సెంటు తగ్గేది కాదు. నేను ఒక ఫోన్‌ని ఐదేళ్ళు వాడాను. అంటే చివరి మూడేళ్ళూ తీరిపోయిన ఫోన్‌కి కడుతూనే ఉన్నానన్నమాట. ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. మోసమే అది, కాదనను.

కానీ దానికొక మంచి గుణం ఉండేది. నిన్ను కట్టేస్తున్నాం అని ముందే చెప్పేవాళ్ళు. ఫలానా రోజున విప్పుతాం అని కాగితం మీద రాసిచ్చేవాళ్ళు. జరిమానా కూడా నెల గడిచే కొద్దీ ఇంతింత తగ్గుతూ పోయేది. ఎంత దూరం వచ్చామో, ఇంకెంత ఉందో తెలిసేది. మనిషి లెక్కపెట్టుకుంటూ ఓర్చుకోగలడు కదా?

మరి ఈ కొత్తది? ఫోన్ ధర ఇంత అని మొహం మీదే చెప్తారు. బాగుంది. దాన్ని ముప్పై ఆరు ముక్కలు చేసి నెలకొక ముక్క కట్టమంటారు, వడ్డీ లేకుండా. ఇంకా బాగుంది. అక్కడి దాకా పాతదానికంటే ఇదే నయం. ముక్కలన్నీ తీరాక బిల్లు నిజంగానే తగ్గుతుంది. ఫోన్ నీదవుతుంది.

ఉచితం అన్నచోట మొదలవుతుంది కథ. నెలనెలా ఒక ముక్క బిల్లులో వేస్తారు, దాని కిందే సరిగ్గా అంతే తగ్గింపు రాస్తారు. వేసిందీ తీసిందీ సమానం. "చూశారా, ఫోన్ ఉచితం!" అంటారు. మధ్యలో నువ్వు వెళ్ళిపోతే? వెళ్ళు, ఎవరాపారు? తగ్గింపు ఆగిపోతుంది, అంతే. మిగిలిన ముక్కలన్నీ ఒక్కసారి వచ్చి నెత్తిన పడతాయి. అవి తీరేదాకా ఆ ఫోన్‌కి తాళం, ఇంకో కంపెనీలో పలకదు.

అద్దం మీద రాసింది అబద్ధం కాదు మరి. కాంట్రాక్టు లేదు. తలుపు తీసే ఉంటుంది. దాటితే ఏం పోతుందో మాత్రం లోపల చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రెండిట్లో ఏది మంచిదంటే ఏం చెప్పను? ఒకచోటే ఉండేవాళ్ళకి కొత్తది లాభం. వెళ్ళాలనుకునేవాళ్ళకి పాతదే నయం. వెళ్తామో ఉంటామో తెలియనివాళ్ళకి... వాళ్ళకి ఏదీ మంచిది కాదు.

డేల్ అంటాడూ, "ఫోన్ మొత్తం డబ్బు పెట్టి కొనుక్కో అమ్మా. ఏ నెలకి ఆ నెల ముందే కట్టే ప్లాన్ తీసుకో. ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు" అని. అట్లాగా నాయనా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనివాడివి, నీ వాటా నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నుంచీ రాలేదేం అన్నాను. వాడికి ఉన్నట్టుండి సిగ్నల్ పోయింది.

నువ్వూ చేయబోయేది అదేగా? చేయగలవు. నీ ఫోన్ ముక్కలు నవంబరులోనే తీరిపోయాయి, నాకు తెలుసు, బిల్లులో చూశాను. మా నలుగురికీ ఇంకా ఉన్నాయి. ఐదుగురిలో నీ ఒక్కదాని చేతులే ఖాళీగా ఉన్నాయి. ఆ నంబరు కూడా పెళ్ళికి ముందు నుంచీ నీదే. తెచ్చుకున్నదే తీసుకెళ్తున్నావు. నిన్నెవరూ అనడానికి లేదు.

కానీ ఒక్కటి ఆలోచించు. ఇవాళ లోపల ఒక బేరం ఉంది. ఐదు లైన్లున్న ఖాతాలో ఎవరు కొత్త ఫోన్ తీసుకున్నా ఉచితమట, ఆ ముప్పై ఆరు నెలల పద్ధతిలో. నాలుగు లైన్లకి ఆ బేరం లేదు. నువ్వొక ఫోన్ తీసుకో, వెండెల్‌కి ఒకటి తీసుకుందాం. లైను ఎక్కడికీ పోదు. నువ్వు క్లోకేలో అద్దెకి చూసుకున్న ఆ పైగదికి వెళ్తే వెళ్ళు, ఇరవై మైళ్ళు, సిగ్నల్ అక్కడా వస్తుంది. మొగుణ్ణి వదిలితే లైను వదలాలని ఎక్కడుంది? నేను వదల్లేదుగా?

అట్లా కిటికీలోకి చూస్తావేం? అద్దం మీద మంచు తప్ప ఏముందక్కడ?

సరే, ఫోన్ సంగతి ఒక నిమిషం పక్కన పెడదాం. నీ మనసులో ముల్లు ఏదో నాకు తెలుసు. అతని చెయ్యి సంగతి నీకంటే ముందు నాకు తెలియడం. అదేగా?

నాకు అతను చెప్పలేదు కొరీన్. నమ్ము. సెప్టెంబరులో ఫోన్ పట్టుకుని మా వరండాలోకొచ్చి, "ఆర్లిస్, ఈ మీటలు చిన్నవైపోయాయి" అన్నాడు. ఖాతా నాది కదా, అందుకని అతని ఫోన్‌కి జలుబు చేసినా నా దగ్గరికే తెస్తాడు. నేను అక్షరాలు పెద్దవి చేసిచ్చాను. అయినా నొక్కలేకపోయాడు. ఒకటి నొక్కబోతే పక్కది పడుతోంది. అప్పుడు చూశాను బొటనవేలు వణకడం. "ఇది ఫోన్ జబ్బు కాదు వెండెల్, డాక్టరుకి చూపించుకో" అన్నాను. "చలి" అన్నాడు. సెప్టెంబరులో, ఎండలో నిలబడి!

పార్కిన్సన్స్ అని, ఆ వణుకుడు జబ్బని తేలాక, ముందు కొరీన్‌కి చెప్పు అని నేనే అన్నాను. ఊఁ అన్నాడు. అతని ఊఁ అంటే ఏమిటో నీకూ తెలుసు. నువ్వు థాంక్స్‌గివింగ్ నాడు బల్ల దగ్గర అతని చేతిలో గ్లాసు తొణకడం చూసి అడిగేదాకా చెప్పలేదటగా.

లేదమ్మా, నేనేం అనట్లేదు. నువ్వు వేసవిలోనే నిర్ణయించుకున్నావు, జబ్బు తర్వాత వచ్చింది. నేను నమ్ముతాను. నేనెందుకు నమ్మనూ? నేనూ అదే మనిషితో ఉన్నదాన్నేగా. తిట్టడు, కొట్టడు, తాగడు. ఎదురుగా కూర్చుని ఉప్పు కావాలన్నా నోరు విప్పడు, చెయ్యి చాపుతాడు. మొదట్లో నెమ్మదస్తుడు అనుకుంటాం. తర్వాత మన గొంతు మనకే పెద్దగా వినబడ్డం మొదలవుతుంది. తర్వాత మనమూ మానేస్తాం. నేను ఒకరోజు బట్టలుతికే మిషన్‌తో మాట్లాడుతూ నన్ను నేనే పట్టుకున్నాను. ఆ వారమే వకీలమ్మ దగ్గరికెళ్ళాను. నిన్ను నువ్వు ఎవరితో మాట్లాడుతుంటే పట్టుకున్నావు?

పక్షులతోనా! మంచు కాలంలో అవీ ఉండవు కదే పాపం.

చర్చిలో కాఫీ దగ్గర చేరే ఆడవాళ్ళు మాత్రం ఊరుకోరు. మంచి మనిషిని వదిలేసిందన్నారు నన్ను. నిన్ను జబ్బు మనిషిని వదిలేసిందంటారు. అదీ తేడా. పైగా ఆ మాట నాతోనే అంటారు, జాలిగా, భుజం మీద చెయ్యేసి.

అందుకే చెప్తున్నాను, ఒక్కసారిగా అన్నీ తెంపుకోకు. లైను ఉండనీ. ఆ ఫోన్ తీసుకో. ఇంటి సంగతి నెమ్మదిగా చూసుకుందువు. వసంతం రానీ. అతని మందులు కుదురుకోనీ. మూడేళ్ళంటే ఎంత, ఇట్టే...

ఏమన్నావ్?

ఊఁ. ఇంత చెడ్డ బేరమని నా నోటితో నేనే చెప్పి, నిన్నెందుకు తీసుకోమంటున్నానంటావా. నువ్వు దంతాల డాక్టరు దగ్గర కూర్చుని ఫోన్‌లు ఎత్తేదానివి అనుకున్నాను గానీ, ఇంత తెలివున్న నిన్ను అక్కడ వృథాగా కూర్చోబెట్టారు.

ఇంకా ఏదో అన్నావు. గట్టిగా చెప్పు, ఈ హీటర్ మోతలో వినబడ్డం లేదు.

ఓహో.

నేను వదలకుండా ఉండడం చూసే నీకు భయమేసిందా? ఇన్నేళ్ళయినా అతని ఫోన్ నా వరండాలోకి వస్తోంది, నువ్వు కూడా ఇంకో ఇరవయ్యేళ్ళు అట్లాగే ఉండిపోతావనా?

ఉండు.

ఈ వైపర్లు ఎందుకు వేశాను నేను? వాన లేదు, ఏం లేదు.

సరే, విను. మంగళవారం నేను నీకు చెప్పింది అబద్ధం. ఇద్దరం దుకాణానికి రావాలి, గుర్తింపు కార్డులు చూపించాలి, వాళ్ళే విడదీయాలి అన్నానే, అదంతా ఎప్పటిదో మాట. ఇప్పుడు నా ఫోన్‌లోనే వస్తుంది, కొత్త కంపెనీకి చూపించాల్సిన ఆ విడుదల నంబరు. నీ లైను మీద నొక్కి, ఖాతా నాది అని ఒప్పుకుని, ఇంకోసారి నొక్కితే చాలు. నువ్వు వంటగదిలోంచి అటు వెళ్ళావో లేదో, చేతులు తుడుచుకుని నొక్కి చూశాను. వచ్చింది. చూసి, ఫోన్ యాప్రాన్ జేబులో పెట్టుకుని బేసిన్లు కడుక్కున్నాను.

అవును. శనివారం పూట ఈ చలిలో నిన్ను ఇక్కడిదాకా ఊరికే తీసుకొచ్చాను.

ఊరికే కాదులే. నీ చేతిలో కొత్త ఫోన్ పెట్టించాలని తీసుకొచ్చాను. ఆ బట్టతల మనిషి దాన్ని నీ చేతిలో పెడతాడు, మెరుస్తూ ఉంటుంది, బరువుగా ఉంటుంది, ఉచితం అంటాడు, సంతకం పెడతావు. నువ్వు ఒకటో తారీఖు దాటనివ్వని మనిషివి. తగ్గింపు పోతుందంటే నీకు నిద్ర పట్టదు. క్లోకే పైగది కొన్నాళ్ళు వాయిదా పడుతుంది. ఒక నెల వాయిదా పడ్డది ఇంకో నెలా పడుతుంది. అంతకంటే చిన్నవాటికి ఆగిపోయినవాళ్ళని నేనెరుగుదును.

బిల్లు పెరుగుతుందని ఇదంతా చేశాననుకుంటున్నావా? అదే అయితే ఎంత బాగుండేది! ఆ పెరిగేదేదో నేనే కట్టుకుని నిన్ను క్లోకే దాకా దింపి వచ్చేదాన్ని.

నువ్వు వెళ్ళిన మర్నాడు ఏం జరుగుతుందో చెప్పనా? అతను నాకు ఫోన్ చేస్తాడు. కొరీన్ వెళ్ళిపోయింది అనడు. "ఆర్లిస్, ఈ ఫోన్ పనిచేయట్లేదు" అంటాడు. పనిచేయని ఫోన్‌తోనే చేసి మరీ! నేను వెళ్తాను. ఫోన్ చూస్తాను, దానికేమీ ఉండదు. ఎలాగూ వచ్చానని ఫ్రిజ్ తెరుస్తాను. ఖాళీగా ఉంటుంది. మందుల డబ్బా చూస్తాను, సోమవారం గదిలో మందులు గురువారం కూడా అట్లాగే ఉంటాయి. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని ఉంటాడు. పెడతాను. ఇంకేం చేస్తాను? క్రిస్టీ దూరాన ఫార్గో నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదా" అంటుంది. డేల్ ఏమీ అనడు, వాడు తండ్రి కొడుకు.

నాకు అరవై మూడు. ఏప్రిల్లో ఈ మోకాలికి ఆపరేషన్. ఆ కాపురంలోంచి ఒకసారి బయటికొచ్చాను కొరీన్. ఎంత కష్టపడి వచ్చానో నాకే తెలుసు. రెండోసారి రావడానికి నాలో ఓపిక లేదు. అందుకని నువ్వుంటే బాగుండుననుకున్నాను. నువ్వు ఊపిరాడక ఉన్నావని తెలిసీ, ఉండనీ అనుకున్నాను. మూడేళ్ళ పాటు అతన్ని చూసుకునేది నువ్వయితే చాలు, నేను కాకపోతే చాలు.

చూడు, అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి.

నువ్వు ఏమన్నా అను. తిట్టు. కారు దిగి తలుపు గట్టిగా వేసినా ఏమనుకోను. కాకపోతే తలుపు అంచు తుప్పు పట్టింది, కాస్త చూసుకుని వెయ్యి.

చెయ్యి పట్టుకుంటావేం? వద్దులే. వేళ్ళు చల్లగా ఉన్నాయి, చేతితొడుగులు వేసుకో.

అదిగో, ఇది మనదే. "ఆర్లిస్ గారూ, మీ వంతు వచ్చింది." పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టారు.

ఒక్క నిమిషం ఆగనీ వాళ్ళని. కళ్ళద్దాలు ఎక్కడ... నెత్తిమీదే ఉన్నాయా. సరే. ఐదో లైను. నాది అని ఒప్పుకుంటున్నాను. నిజంగానేనా అని అడుగుతోంది. నిజంగానే. ఆఁ, వచ్చింది. నీకు పంపాను. మోగిందా? ఆ అంకెలు నీ కొత్త కంపెనీ వాళ్ళకిచ్చెయ్యి, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. త్వరగా ఇవ్వు, వారం దాటితే పనికిరాదట.

థాంక్స్ చెప్పకు. మంగళవారమే ఇవ్వాల్సింది.

ఒక్కటి మాత్రం చెయ్యి నాకోసం. ఇవాళే చెప్పు అతనికి. బల్ల దగ్గర కూర్చోబెట్టి, మొహం చూస్తూ చెప్పు. అతను ఏమీ అనడు, అది నీకూ తెలుసు, అయినా చెప్పు. వచ్చే నెల బిల్లులో నాలుగు లైన్లుంటాయి. ఆ బిల్లు నాకొస్తుంది, అతని వాటా మారుతుంది, ఎందుకు మారిందని నన్నడుగుతాడు. నీ మాట నా నోటితో చెప్పించకు.

నువ్వు ఇక్కడే ఉండు, ఇంజన్ ఆపకు. నేను లోపలికెళ్ళి వస్తాను. ఏం పనా? అతని ఫోన్ మారిస్తే గానీ కుదరదు. వేలితో నొక్కక్కర్లేకుండా నోటితో చెప్తే వినేదొకటి వచ్చిందట. తెలుసులే, నోరు విప్పని మనిషికి అది. కనీసం ఇంట్లో తనతో మాట్లాడమని అడిగేది ఒకటుంటుంది.

ఉచితం కాదు ఇప్పుడు, నాలుగు లైన్లేగా. ముక్కలు చేసి కడతాను. ఆ మనిషి ముప్పై ఆరు నెలలు అంటాడు. మీకు సమ్మతమేనా, మధ్యలో వెళ్ళిపోయే ఉద్దేశం ఏమన్నా ఉందా అని అడుగుతాడు, అందర్నీ అడుగుతాడు.

లేదంటాను. నేనెక్కడికి పోతాను?